ప్రతి బుధవారం ఒక గంట

మేడమ్ గారి ఎదురింటి పెద్దావిడ ఇస్త్రీ అతనితో అన్నదట. ఇస్త్రీ అతను మూట దించుతూ మన కార్యాలయపు అటెండరుతో అన్నాడట. అటెండరు ఆ మాటను ఫైళ్లతో పాటు మోసుకొచ్చి మన గదిలో దించాడు. "ఈ నెలాఖరుతో ఆ బుధవారం మేడమ్‌కి ఉద్యోగం అయిపోతోందట. ఇంక చూస్కో, ఆ ఆడవాళ్ల కొట్లన్నీ ఆర్నెల్లల్లో తాళాలేసుకుంటాయి. ఆవిడ వెనకాల నిలబడబట్టి గానీ, లేకపోతే వాళ్ల మొహాలకి వ్యాపారాలేంటి" అన్నదట ఆ పెద్దావిడ. గోరంత నిజానికి కొండంత కల్పన జతపడటం ఇరుగుపొరుగు మాటలకు సహజమే. ఈ మాటలో మేడమ్ గారు వాళ్ల వెనక నిలబడ్డారన్నది నిజం, వాళ్ల మొహాలకు వ్యాపారాలు రావన్నది పచ్చి అబద్ధం. తాళాల సంగతి మాత్రం ఈ వీడ్కోలు సంచిక అచ్చుకు వెళ్లే నాటికి ఇంకా తేలలేదు.

ముప్పై మూడు సంవత్సరాల క్రితం, జూలై మాసం మూడవ తేదీన, ఉదయం పదిన్నర గంటలకు, మన చిన్న పరిశ్రమల ప్రోత్సాహక కార్యాలయంలో జూనియర్ అసిస్టెంటుగా వారు పదవీబాధ్యతలు స్వీకరించారు. స్వీకరించారని గంభీరంగా రాసుకుంటున్నాం గానీ, ఆ రోజు స్వీకరించడానికి వారికి కుర్చీ లేదు. రికార్డు గదిలో రెండు ఇనప బీరువాల నడుమ, సగమే తెరుచుకునే కిటికీ కింద, మూడుకాళ్ల స్టూలొకటి చూపించారు. నాలుగో కాలు స్థానంలో పాత గెజిట్ల కట్ట ఉండేది. ఆ స్టూలు మీద వారు ఆరు సంవత్సరాలు నిరాటంకంగా, నిరాడంబరంగా సేవలందించారు. అప్పటి సూపరింటెండెంటు గారు తమ పదవీ విరమణ సభలో అన్న మాటను నేటికీ పాతవాళ్లు తలచుకుంటారు: "ఫైలు కట్టడం ఈ ఆఫీసులో అందరికీ వచ్చు. విప్పి చదవడం ఆ అమ్మాయికొక్కతెకే వచ్చు."

తదుపరి నాలుగేళ్లు టపా విభాగంలో గడిచాయి. ఏ దరఖాస్తు ఏ బల్ల మీద ఎన్ని రోజులు నిద్రపోయిందో తేదీలతో సహా నాలుక చివర ఉంచుకోవడం వారికి అక్కడే అలవడింది. ఆ అలవాటు వల్ల వారికి కలిగిన మిత్రులు కొందరు, శత్రువులు ఎందరో. పదో ఏట సీనియర్ అసిస్టెంటుగా పదోన్నతి లభించింది, బల్ల వచ్చింది, నాలుగు కాళ్ల కుర్చీ కూడా వచ్చింది. మరుసటి ఏడు వచ్చింది వారి మొదటి పొరపాటు.

మన కార్యాలయం ఏటా ఒక రోజు మహిళా పారిశ్రామికులను సత్కరిస్తుందన్న విషయం అందరికీ తెలిసినదే. హాలు కడిగిస్తారు, కుర్చీలు వేయిస్తారు, ప్రశంసాపత్రాలు, పూలగుత్తులు, ప్రసంగాలు యథావిధిగా సాగుతాయి. సాయంత్రానికి పూలు వాడతాయి, మర్నాటికి పేర్లు వాడతాయి. ఆ ఏడు ఉత్తమ మహిళా పారిశ్రామికుల జాబితాను తయారుచేసే బాధ్యత మేడమ్ గారిపై పడింది. వారు లైసెన్సు రిజిస్టరు ముందేసుకుని, నాలుగు రోజులు శ్రమించి, గుండ్రటి దస్తూరీతో పన్నెండు పేర్లు రాశారు. ప్రథమ స్థానం అట్టపెట్టెల కార్ఖానా యజమానురాలిది. కాగితం మీద ఆ కార్ఖానాకు ఏ లోటూ లేదు.

వేదిక మీదకు వచ్చిన ఆ యజమానురాలి చేతికి ప్రశంసాపత్రం ఇచ్చి, వ్యాఖ్యాత ఉత్సాహంగా మైకు అందించాడు. "అమ్మా, మీ కార్ఖానాలో రోజుకి ఎన్ని పెట్టెలు తయారవుతాయో మా అందరికీ చెప్పండి."

ఆవిడ మైకు వంక చూసింది, జనం వంక చూసింది, చివరికి మూడో వరస వంక చూసింది. "మరిదిగారూ, మీరు చెప్పండి."

మూడో వరసలోని మరిదిగారు లేచి నిలబడ్డాడు. ఆయన మొహంలో కల్లాకపటం లేదు. "మా వదినగారు సంతకం వరకేనండి. మెషీన్ దగ్గరుండేది మా అక్క. ఆవిడ రాలేదండి, లోడు ఎత్తాలి ఇవాళ."

హాలంతా నవ్వింది. ముఖ్య అతిథి గారు కూడా నవ్వి, తెచ్చిన పూలగుత్తి తెచ్చినట్టే ఆ వదినగారి చేతిలో పెట్టారు. నవ్వనిది ఒక్క మేడమ్ గారే. గోడవారన నిలబడి, మిగిలిన పదకొండు పేర్లనూ మనసులోనే మళ్లీ చదువుకుంటూ, వీటిలో తాను కంటితో చూసిన మనిషి ఎవరని లెక్కపెట్టుకున్నారు. ఒక్కరు కూడా లేరు.

మర్నాడు బుధవారం. పదకొండు గంటలకు వారు గొడుగు పట్టుకుని, సెలవు చీటీ పెట్టకుండా, ఎవరికీ చెప్పకుండా ఆ కార్ఖానాకు నడిచి వెళ్లారు. రేకుల షెడ్డు, గోడవారన నిలువెత్తు అట్టల దొంతరలు, మూలన జిగురు పీపా, మధ్యలో మడతగీతలు కొట్టే మెషీను, దాని ముందు మోచేతుల దాకా జిగురు ఎండిన ఒక నలభయ్యేళ్ల మనిషి. ఇప్పుడు ఊరంతా ఆమెను పెట్టెలక్క అంటుంది. ఆ రోజు ఆమెకు ఏ పేరూ లేదు, ఏ కాగితంలోనూ లేదు.

"నిన్న మా వదినకి పూలిచ్చారటగా" అన్నది పెట్టెలక్క, మెషీను ఆపకుండానే.

"పొరపాటు నాదండి. కాగితం చూసి రాశాను."

"కాగితం చూసి రాయక, మొహం చూసి రాస్తారా ఏంటి. సరే వచ్చారుగా, కూచోండి. ఆ అట్టల మీద కాదు, తడున్నాయి."

మొదటి అరగంట మంచినీళ్లు వచ్చాయి, టీ వచ్చింది, "అంతా బాగుందండి, మీ దయ" అన్న మాట నాలుగుసార్లు వచ్చింది. పైనుంచి దిగొచ్చిన అధికారికి ఎవరైనా చెప్పే మాటే అది. మేడమ్ గారు లేవలేదు. ఎంతసేపని మర్యాద చేస్తుంది, పెట్టెలక్క తన పనిలో పడింది. పనిలో పడ్డాక పక్కన మనిషున్న సంగతి మరిచింది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

"పోయిందా? పోతుంది, పోక ఏం చేస్తుంది. రోజూ ఇదే టయానికి పోతుంది, రెండింటికి గానీ రాదు. ఇళ్ల లైను మీద కార్ఖానా నడుపుతున్నామని లైన్‌మేన్ నవ్వుతాడు. ఈలోపు జిగురు గడ్డకడుతుంది, అతుకు నిలవదు, లోడు తిరిగొస్తుంది. తిరిగొస్తే మా తమ్ముడు నామీద ఎగురుతాడు. ఏడాదికో పూలగుత్తి ఇస్తారంట. పూలగుత్తితో జిగురు ఉడుకుద్దా?" అని, అప్పుడు తలెత్తి చూసి నాలుక కరుచుకుంది. "మీరింకా ఉన్నారా?"

"ఉన్నానండి" అన్నారు మేడమ్ గారు. "ఇప్పుడే వచ్చాను."

తదనంతర కాలంలో మన కార్యాలయంలో సామెతలా స్థిరపడిన సూత్రం ఆ రోజే పుట్టింది. మొదటి అరగంట మర్యాద, రెండో అరగంట నిజం. అరగంటకే లేచి వచ్చినవాళ్లు ఫైల్లో రాయగలిగేది మర్యాద ఒక్కటే.

ఆ సాయంత్రమే వారు పై అధికారికి ఒక పేజీ నివేదిక సమర్పించారు. సన్మానం చెందవలసిన మనిషికి చెందలేదనీ, తప్పు పూర్తిగా తమదేననీ అందులో రాశారు. ఆ అధికారి స్వతహాగా సౌమ్యులు. "కాగితం ప్రకారం అంతా సరిగ్గానే ఉందిగా అమ్మా. గాలికి పోయే కంపని ఒంటికి తగిలించుకుంటారెందుకు?" అన్నారు. "ఆ కంప నాటింది నేనేనండి" అని మేడమ్ గారి సమాధానం.

కార్ఖానాకు వేరే లైను రావడానికి పద్నాలుగు బుధవారాలు పట్టింది. లైసెన్సు మీద పెట్టెలక్క పేరు ఎక్కడానికి రెండేళ్లు పట్టింది. తమ్ముడు, అంటే ఆ మూడో వరస మరిదిగారు, చెడ్డవాడేం కాదు. అయినా పేరు మార్చమనేసరికి గుటకలు మింగాడు. "అక్క పేరనా? రేపు ఆవిడ మళ్లీ అత్తారింటికి వెళ్లిపోతే?" అన్నాడు మేడమ్ గారి ఎదుటే. పెట్టెలక్క జిగురు కలుపుతూనే అన్నది: "నేను పుట్టింటికొచ్చి ఎనిమిదేళ్లయిందిరా. నా చెప్పులింకా గుమ్మం బయటే ఉన్నాయనుకుంటున్నావా?" ఇంకో నాలుగు బుధవారాలకు ఆ తమ్ముడే స్వయంగా వదినగారిని వెంటబెట్టుకొచ్చి కాగితం మీద సంతకం పెట్టించి వెళ్లాడు. నేడు ఆ షెడ్డులో పదకొండు మంది స్త్రీలు పనిచేస్తున్నారు, తమ్ముడు లోడు దగ్గరుంటాడు.

అది మొదలు ఇరవై రెండు సంవత్సరాల పాటు, ఎండైనా వానైనా, ప్రతి బుధవారం పదకొండు గంటలకు, ఏదో ఒక స్త్రీ నడుపుతున్న దుకాణంలోనో, కార్ఖానాలోనో, వంటపొయ్యి పక్కనో, కుట్టుమిషను వెనకో మేడమ్ గారు ఒక గంట కూర్చున్నారు. ఉపన్యాసాలివ్వలేదు, ఫొటోలు తీయించుకోలేదు. ఎక్కడ ఏది అడ్డుపడిందో విన్నారు, విన్నదాన్ని ఏ బల్ల మీదకు చేర్చాలో అక్కడికి చేర్చారు, చేరిన కాగితం కదిలేదాకా ఆ బల్ల ముందు నిలబడ్డారు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని వెనకాల అన్నవాళ్లున్నారు. అన్నవాళ్లలో కొందరు ఈ సంచికకు చందా ఇచ్చిన పెద్దలే గనుక ఆ పేర్లు ఇక్కడ అప్రస్తుతం.

పదిహేనో ఏట ఆకాశరామన్న ఉత్తరమొకటి వచ్చింది. బుధవారాలు ఆవిడ కుర్చీలో ఉండటం లేదన్నది అభియోగం. కొత్తగా వచ్చిన అధికారి మెమో ఇచ్చారు. మేడమ్ గారు రాసిన జవాబు రెండు వాక్యాలు: "బుధవారం పదకొండు నుండి పన్నెండు వరకు నేను కుర్చీలో ఉండను, పనిలో ఉంటాను. తమరు ఒకసారి వెంట వచ్చి చూడగోరుతున్నాను." అధికారి గారు పట్టుదలగల మనిషి, వెంట వెళ్లారు. బట్టల సబ్బు తయారుచేసే ఆవిడ వాకిట్లో ఇద్దరికీ రెండు స్టూళ్లు వేశారు. ఇరవై నిమిషాలకు అధికారి గారు లేవబోయారు. మేడమ్ గారు మెల్లగా, "ఇంకా మర్యాదలోనే ఉన్నాం సార్, కూచోండి" అన్నారు. నలభయ్యో నిమిషంలో సబ్బుల ఆవిడ అచ్చులోంచి సబ్బు కొట్టి తీస్తూ, ఎవరితోనో అన్నట్టుగా అన్నది: "నాలుగు నెల్లయిందండీ నా ఫైలు పోయి. పైన ఎవరో పెద్దాయనున్నాడంట, సంతకం పెట్టడంట. ఆయనకేం తెలుసులెండి, ఏసీ గదిలో కూచుని." ఆ పెద్దాయన మంచినీళ్ల గ్లాసు కింద పెట్టి గడియారం చూసుకున్నారు. మర్నాడు ఉదయం సంతకమైంది. మెమో ఎటు పోయిందో రికార్డు గదిలో నేటికీ దొరకలేదు.

అటుపై పర్యవేక్షకురాలిగా, ఆరేళ్ల క్రితం సహాయాధికారిణిగా వారు పదోన్నతులు పొందారు. ఈ ప్రస్థానంలో వారికి అండగా నిలిచిన కుటుంబ సభ్యులను స్మరించుకోవడం మన విధి. వారి భర్త ఉన్నత పాఠశాలలో డ్రిల్లు మాస్టారుగా చేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. బుధవారం సాయంత్రాలు భార్య తెచ్చే కబుర్ల వల్ల అట్టల మందం, సబ్బు ఆరే గడువు, బొత్తాం కాజాల కొలత తమకు కంఠస్థమయ్యాయని చెబుతారు. తొంభై ఏళ్లకు చేరువలో ఉన్న అత్తగారి మాట వేరు. "వారానికి ఒక రోజు మా కోడలు ఊరి మీద పడుద్ది. తక్కిన ఆరు రోజులూ ఊరే వచ్చి మా ఇంటి మీద పడుద్ది. కాఫీలు కలపలేక నా చేతులు పడిపోయాయి" అంటారు. అంటూనే వచ్చినవాళ్లను కూర్చోబెట్టి ఎవరికి ఏం కావాలో తామే ముందు విచారిస్తారు. ఆ ఇంట్లో మొదటి అరగంట మర్యాద కూడా ఉండదు.

ఇక ప్రస్తుతానికి వద్దాం. మన కార్యాలయపు వీధి మలుపులో ఆరు నెలల క్రితం ఒక అమ్మాయి మోటార్లకు వైండింగు చేసే దుకాణం తెరిచింది. తండ్రి దగ్గర నేర్చుకున్న విద్య. తండ్రి పోయాక తీగచుట్టలు, పరికరాలు, ఆ మూడు గజాల అద్దె గది మిగిలాయి. కాలిపోయిన మోటారును భుజాన వేసుకుని వచ్చినవాళ్లు గుమ్మంలోనే ఆగి, లోపలికి తొంగిచూసి, "మేస్త్రీ లేడా అమ్మా?" అని తిరిగి వెళ్లిపోయేవారు. మేడమ్ గారు వరుసగా మూడు బుధవారాలు అక్కడే కూర్చున్నారు. మూడో బుధవారం ఒక పెద్దమనిషి మోటారు దించి, తలనెరిసిన మేడమ్ గారినే అడిగాడు.

"మేస్త్రీ ఎక్కడికెళ్లాడండి?"

"మీ ఎదురుగానే ఉంది."

"ఈ పిల్లా? ఈ పిల్ల చుడితే తిరుగుద్దా?"

వైండింగు అమ్మాయి రాగితీగ పళ్ల మధ్య పట్టుకుని ఉంది. తీసి, "చుట్టింది ఎవరో మోటారుకి తెలీదులెండి బాబాయ్. పెట్టి వెళ్లండి, ఎల్లుండి వచ్చి తిప్పి చూసుకోండి" అన్నది. ఆయన పెట్టి వెళ్లాడు. ఎల్లుండి వచ్చాడు, తిప్పి చూసుకున్నాడు, మరో రెండు మోటార్లు పంపాడు.

అయితే ఆ అమ్మాయి పని ఇంకా సగంలోనే ఉంది. చుట్టిన మోటారును పరీక్షించడానికి మూడు ఫేజుల కరెంటు కావాలి. ఆ దరఖాస్తు రెండు కార్యాలయాల మధ్య ఊగుతోంది. వయసులో చిన్నది, ఒంటరిది, గది యజమాని అప్పుడే వేరొకరికి మాటిచ్చాడని వినికిడి. కదిలించేవాళ్లు లేకపోతే ఆ కాగితం ఎక్కడ ఆగుతుందో టపా విభాగంలో నాలుగేళ్లు చేసిన మనిషికి వేరే చెప్పనక్కర్లేదు. గత నెలలో ఒక బుధవారం ఆ అమ్మాయి పని చేసుకుంటూనే అడిగింది. "మీరు దిగిపోయాక బుధవారం ఎవరొస్తారు మేడమ్?"

మేడమ్ గారు ఆ రోజు కార్యాలయానికి తిరిగి వచ్చి, తలుపు వేసుకుని, ఇరవై రెండేళ్ల ఉత్తర్వుల ఫైళ్లన్నీ దించి ఒక్కొక్కటే విప్పారు. బుధవారపు గంట గురించి ఎక్కడా ఒక్క పంక్తి లేదు. ఎవరూ ఆదేశించలేదు, ఎవరూ అనుమతించలేదు, వారు వెళ్లారు, అంతే. వారితో వచ్చిన పని వారితోనే పోయేలా ఉందని వారికి అప్పుడు స్ఫురించింది. "ఇది రెండో పొరపాటు. ఇదీ నాదే" అని సూపరింటెండెంటు గారితో అన్నారు. సాయంత్రంలోగా ఒక పేజీ ప్రతిపాదన తయారైంది. ఏడాది పొడవునా, ప్రతి బుధవారం, కార్యాలయంలోని ఒక అధికారి విధిగా ఒక గంట ఒక స్త్రీ పని చేసుకునే చోట కూర్చోవాలి, పూర్తిగా గంట, నిమిషం తగ్గకూడదు. ఆ ప్రతిపాదన పరిశీలనలో ఉంది. ఈలోగా సహాయాధికారి పదవిని ప్రస్తుతానికి భర్తీ చేయబోమని పైనుంచి వర్తమానం వచ్చింది. పాత బీరువాలు పడతాయేమోనని మేడమ్ గారి గదిని ఇద్దరు వచ్చి టేపుతో కొలిచి వెళ్లారు. వారు కుర్చీలోంచి లేచి, కొలతకు అడ్డం రాకుండా పక్కకు నిలబడి, టేపు రెండో కొస పట్టుకున్నారట.

కార్యదక్షత, నిజాయితీ, నిరంతర శ్రమ అన్న మాటలు ఇటువంటి సంచికల్లో అరిగిపోయిన నాణేల వంటివి. ఎవరి జేబులో వేసినా ఒకే చప్పుడు చేస్తాయి. అందుచేత వాటిని పక్కన పెట్టి, మేడమ్ గారి విషయంలో ఒక్క మాటే నిస్సంకోచంగా చెప్పుకుందాం. ఏడాదికి ఒక రోజు మాత్రమే కనబడే స్త్రీలను వారు ఏడాది పొడవునా చూశారు. తాము చేసిన తప్పును ఎదుటివారి మీదకు నెట్టక, దాన్ని దిద్దడానికే ఉద్యోగ జీవితంలో మూడింట రెండు వంతులు వెచ్చించారు.

వారి మోకాళ్లకు ఇకనైనా స్టూళ్ల బాధ తప్పుగాక. ఎండలో తిరిగిన కళ్లకు చల్లని నిద్ర పట్టుగాక. అత్తగారి చేతి కాఫీ, మాస్టారు గారి సాహచర్యం, బిడ్డల అభివృద్ధి కళ్లారా అనుభవిస్తూ, ఆరోగ్యంతో, ఓపికతో, ఇదే మొండితనంతో వారు నిండు నూరేళ్లు వర్ధిల్లాలని, మన కార్యాలయ సిబ్బంది యావన్మందీ, వారి వల్ల నిలబడిన కార్ఖానాలు, కొట్లు, పొయ్యిలు, మిషన్ల తాలూకు స్త్రీలందరూ ముక్తకంఠంతో కోరుకుంటున్నారు.

వీడ్కోలు సభ ఏర్పాట్లు మాట్లాడటానికి గత సోమవారం అధికారి గారు, సూపరింటెండెంటు గారు, ఈ సంచిక సంపాదక వర్గం తరఫున ఒకరు మేడమ్ గారి గదికి వెళ్లారు. కొలిచిన గోడల నడుమ నలుగురూ కూర్చున్నారు. టీలు వచ్చాయి. అధికారి గారు గొంతు సవరించుకుని, మనస్ఫూర్తిగానే అన్నారు: "మేడమ్, మీ సేవలు మరిచిపోయేవి కావు. ప్రతి సంవత్సరం మహిళా పారిశ్రామికుల సత్కారం రోజున మీ పేరు మీద ఒక బహుమతి ఇద్దామని నిర్ణయించాం. శాశ్వతంగా. మీరు కాదనకూడదు."

మేడమ్ గారు టీ కప్పు బల్ల మీద పెట్టారు.

"బహుమతి సంగతి తర్వాత చూద్దాం సార్. నేను మంగళవారం దిగిపోతున్నా. తెల్లారితే బుధవారం. ఆ వైండింగు పిల్ల దగ్గరికి మీలో ఎవరు వెళ్తున్నారు?"